జెంటామైసిన్, అమికాసిన్, లేక మాత్రలే చాలా? మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి ఎంపిక, డోసు, జాగ్రత్త

నాలుగేళ్ళ కిందట మా ఓపీకి ఒక టైలర్ వచ్చాడు. యాభై దాటిన మనిషి. "పగలు బాగానే నడుస్తున్నాను సార్, కరెంటు పోతే మాత్రం గోడ పట్టుకోకుండా అడుగు వేయలేకపోతున్నాను" అన్నాడు. మిషన్ ముందు కూర్చుని తల కాస్త తిప్పితే గుడ్డ మీద సుద్దగీత ఊగుతున్నట్టు ఉంటోందట. వినికిడి బాగానే ఉంది. సంచిలోంచి పాత చీటీలన్నీ తీయించి చూశాను. రెండు నెలల కిందట మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే వేరే చోట జెంటామైసిన్ 80 మి.గ్రా. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున 14 రోజులు వేశారు. ఆ 14 రోజుల్లో ఒక్కసారి కూడా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసిన కాగితం లేదు. జ్వరం తగ్గింది. కానీ లోపలి చెవిలో ఒంటిని తూలకుండా నిలబెట్టే భాగం దెబ్బతింది. అది మళ్ళీ బాగయ్యేది కాదు.

ఆ మందు నేనూ రాస్తాను. ఇప్పటికీ నెలలో చాలాసార్లు రాస్తాను. సరిగ్గా లెక్కకట్టి, రెండు మూడు రోజుల్లో ఆపేస్తే ఇంత చవకగా, ఇంత త్వరగా పనిచేసే మందులు తక్కువ. చాలావరకు హాని జరిగేది ఎవరూ లెక్కపెట్టని రోజుల్లోనే. పీహెచ్‌సీలో డ్యూటీ చేసే డాక్టర్లు, వార్డు నర్సులు, ఆసుపత్రిలో అమ్మ మంచం పక్కన కూర్చున్న కొడుకులు, కూతుళ్ళు ఏం చూడాలో, ఏం అడగాలో తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను. చదివి ఇంట్లో ఇంజెక్షన్ వేయించుకోవడానికి మాత్రం కాదు.

అసలు ఇంజెక్షన్ అవసరమా?

మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్ళాల్సి రావడం, పొత్తికడుపులో నొప్పి, జ్వరం మాత్రం లేదు అంటే ఇన్ఫెక్షన్ మూత్రాశయం దగ్గరే ఉందని అర్థం. దీనికి మాత్రలు చాలు. నైట్రోఫ్యురాంటోయిన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఐదు రోజులు, లేదా ఫాస్ఫోమైసిన్ 3 గ్రాముల పొడి ప్యాకెట్ నీళ్ళలో కలుపుకొని ఒక్కసారి. నేనైతే ఇక్కడే మొదలుపెడతాను.

చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకినట్టు. అప్పుడు పై రెండు మందులూ పనికిరావు. అవి మూత్రంలో బాగా చేరతాయి గానీ కిడ్నీ కండలోకి, రక్తంలోకి చాలినంత చేరవు. ఇంజెక్షన్ల సంగతి ఆలోచించాల్సింది ఇక్కడే.

మంట లేదు, జ్వరం లేదు, కల్చర్‌లో (మూత్రంలోని బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్షలో) మాత్రం బ్యాక్టీరియా వచ్చింది. పెద్దవాళ్ళలో, క్యాథెటర్ ఉన్నవాళ్ళలో ఇది మామూలే. గర్భిణి కాకపోతే, మూత్రమార్గానికి ఆపరేషన్ ఏదీ పెట్టుకోకపోతే దీనికి ఏ యాంటీబయాటిక్కూ వద్దు. రిపోర్టులో ఎర్ర అక్షరాలు చూసి టెన్షన్ పడి వేయించుకునే అమికాసిన్ కోర్సులు మా దగ్గర కొన్ని చూశాను, బాధేస్తుంది.

మూత్రాశయం ఇన్ఫెక్షన్‌కి కూడా ఒక్కోసారి అమినోగ్లైకోసైడ్ (జెంటామైసిన్, అమికాసిన్ ఉన్న మందుల కుటుంబం) మంచి ఎంపికే. మాత్రలన్నిటికీ రెసిస్టెన్స్ వచ్చినప్పుడు, లేదా అవి పడనప్పుడు, ఒకే ఒక్క డోసు వేసి వదిలేయవచ్చు. ఈ మందు శరీరంలో ఏమాత్రం మారకుండా కిడ్నీ గుండా మూత్రంలోకి వచ్చేస్తుంది, అక్కడ దాని గాఢత రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఒక్క డోసు పద్ధతి మీద జరిగిన పరిశీలనలన్నిటినీ కలిపి 2019లో ఒక సమీక్ష వచ్చింది. నూటికి తొంభై మందికి పైగా మూత్రంలో బ్యాక్టీరియా పోయిందని, హాని చాలా అరుదని అందులో తేలింది. రెండో డోసు రాసే ముందు ఇది గుర్తుచేసుకోవాలి.

సెఫ్ట్రియాక్సోన్, ఎర్టాపెనెమ్, అమికాసిన్

కిడ్నీ ఇన్ఫెక్షన్‌తో వచ్చిన మనిషికి కల్చర్ రిపోర్టు చేతికొచ్చేలోపు ఏదో ఒకటి మొదలుపెట్టాలి. అలవాటుగా అందరి చేయీ సెఫ్ట్రియాక్సోన్ వైపే వెళ్తుంది. కిడ్నీకి హాని ఉండదు, రోజుకు ఒక్కసారి వేస్తే చాలు. కానీ మన కల్చర్ రిపోర్టుల్లో ఈఎస్‌బీఎల్ అనే మాట ఇప్పుడు మామూలైపోయింది. అది సెఫ్ట్రియాక్సోన్‌లాంటి మందులను విరగ్గొట్టే ఎంజైమ్. ఆ ఎంజైమ్ ఉన్న ఈ.కోలై బ్యాక్టీరియా మీద సెఫ్ట్రియాక్సోన్‌ని నమ్ముకోలేం. గత కొన్ని నెలల్లో ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు, సిప్రోఫ్లాక్సాసిన్‌లాంటివి తరచూ వాడినవాళ్ళు, పాత కల్చర్‌లో ఈఎస్‌బీఎల్ వచ్చినవాళ్ళు అయితే మొదటి రోజే వేరే దారి చూస్తాను.

ఆ దారుల్లో ఒకటి ఎర్టాపెనెమ్, రోజుకు ఒక గ్రాము. బాగా పనిచేస్తుంది, చెవికి హాని లేదు. ఖరీదు ఎక్కువ, దానికన్నా పెద్ద సమస్య ఆ కుటుంబం మందులను మనం ఎంత వాడితే అంత త్వరగా పోగొట్టుకుంటాం. రెండో దారి అమికాసిన్ లేదా జెంటామైసిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్స్‌ని మూడు గుంపులుగా విడదీస్తే ఈ రెండూ ముందుగా వాడదగ్గ గుంపులో ఉన్నాయి. సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెమ్ జాగ్రత్తగా వాడాల్సిన గుంపులో ఉన్నాయి. ఈ మాట మా జూనియర్లకు చెబితే ఆశ్చర్యపోతారు, వాళ్ళ మనసులో లెక్క తిరగబడి ఉంటుంది.

నా తీర్పు ఇది. కిడ్నీలు బాగున్నాయి, ఒంట్లో నీరు తగ్గలేదు, బీపీ పడిపోలేదు అంటే కల్చర్ వచ్చేదాకా అమికాసిన్. క్రియాటినిన్ ముందే పెరిగి ఉంటే, లేదా పది రోజుల కోర్సు తప్పదని ముందే తెలిస్తే ఎర్టాపెనెమ్. కిడ్నీలో చీముగడ్డ ఉన్నా, రాయి అడ్డుపడి మూత్రం నిలిచిపోయినా అమినోగ్లైకోసైడ్ మీద ఆశ పెట్టుకోకూడదు. ఈ మందు బ్యాక్టీరియా లోపలికి వెళ్ళాలంటే ఆక్సిజన్ కావాలి, చీములో అది ఉండదు. అలాంటివాళ్ళకు ముందు అడ్డు తీయించాలి, స్టెంటో ట్యూబో వేయించాలి. కల్చర్‌లో ఎంటెరోకాకస్ అనే బ్యాక్టీరియా పెరిగితే ఈ మందు ఒక్కటే వేసి ప్రయోజనం లేదు.

జెంటామైసినా, అమికాసినా?

జెంటామైసిన్ 1963 నాటిది. అమికాసిన్‌ని 1972లో జపాన్‌లో కానమైసిన్ నుంచి తయారుచేశారు. జెంటామైసిన్‌ని విరగ్గొట్టే బ్యాక్టీరియా ఎంజైములు చాలావరకు అంటుకోకుండా దానికి పక్కన ఒక కొమ్మ తగిలించారు. అందుకే ఒకే రిపోర్టులో జెంటామైసిన్ ఎదురుగా ఆర్ (లొంగదు), అమికాసిన్ ఎదురుగా ఎస్ (లొంగుతుంది) తరచూ కనిపిస్తుంది. కల్చర్ రాకముందు మొదలుపెట్టాలంటే నేను అమికాసిన్‌నే ఎంచుకుంటాను. కల్చర్‌లో జెంటామైసిన్‌కి ఎస్ వచ్చి ఉంటే జెంటామైసిన్ చాలు. కార్బాపెనెమ్‌లకు (ఎర్టాపెనెమ్, మెరోపెనెమ్ కుటుంబానికి) కూడా లొంగని, ఎన్‌డీఎం అనే ఎంజైమ్ ఉన్న రకాల్లో మాత్రం తరచుగా రెండూ కలిసే పోతాయి.

రిపోర్టు చదివేటప్పుడు ఒక చిన్న విషయం. అమెరికా ల్యాబ్ ప్రమాణాల సంస్థ సీఎల్‌ఎస్‌ఐ 2023లో ఈ మందులకు ఎస్, ఆర్‌లను విడదీసే గీతలు మార్చింది. గీత అంటే బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి కావాల్సిన మందు గాఢత. ఈ.కోలైలాంటి వాటికి అమికాసిన్ ఇంతకుముందు 16 వరకు ఎస్ అనేవాళ్ళు, ఇప్పుడు 4 వరకే. జెంటామైసిన్‌కి 4 నుంచి 2కి దించారు. మీ ల్యాబ్ ఏ గీత వాడుతోందో మైక్రోబయాలజీ వాళ్ళకు ఒక ఫోన్ చేసి కనుక్కోండి. పక్కన 16 అని ఉండి ఎస్ అని రాసి ఉంటే నేను దాన్ని ఎస్‌గా నమ్మను.

హాని విషయంలో రెండూ అక్కాచెల్లెళ్ళే, కాస్త తేడా. జెంటామైసిన్ ఎక్కువగా బ్యాలెన్స్‌ని దెబ్బతీస్తుంది, టైలర్‌కి జరిగినట్టు. అమికాసిన్ ఎక్కువగా వినికిడిని. వినికిడితోనే బతుకుతెరువు ఉన్నవాళ్ళు, అంటే పాటలు పాడేవాళ్ళు, కాల్ సెంటర్‌లో పనిచేసేవాళ్ళు అయితే ఆ మాట కూడా మనసులో పెట్టుకుంటాను.

రోజుకు ఒక్క డోసా, రెండు మూడా?

ఇక్కడ నాకు సందేహమే లేదు. కిడ్నీ మామూలుగా ఉన్న పెద్దవాళ్ళ మూత్ర ఇన్ఫెక్షన్‌లో రోజుకు ఒక్కసారే. జెంటామైసిన్ కిలోకు 5 మి.గ్రా., అమికాసిన్ కిలోకు 15 మి.గ్రా. రోజుకు 1.5 గ్రాములు దాటకుండా.

కారణం కిడ్నీలోనే ఉంది. ఈ మందులు బ్యాక్టీరియాని చంపే బలం, రక్తంలో ఒక్కసారి ఎంత ఎత్తుకు లేచాయన్న దాన్ని బట్టి ఉంటుంది. తర్వాత మందు తగ్గిపోయినా కొన్ని గంటలు బ్యాక్టీరియా లేవలేవు. కిడ్నీ గొట్టాల్లోని కణాలు మాత్రం మందుని ఒక హద్దు వరకే లోపలికి తీసుకోగలవు. ఒక్కసారి ఎక్కువ పోసినా అవి పట్టుకునేది అంతే, మిగతాది మూత్రంలో పోతుంది, మిగిలిన గంటల్లో కణాలకు విశ్రాంతి. అదే మందుని కొంచెం కొంచెంగా రోజంతా పోస్తే కణాలు రోజంతా పీల్చుకుంటూనే ఉంటాయి. కిడ్నీ హాని రోజుకు ఒక్క డోసు పద్ధతిలో ఎక్కువ కాదని, చాలా పరిశీలనల్లో తక్కువేనని తేలింది. చెవి విషయంలో రెండు పద్ధతులకూ పెద్ద తేడా కనిపించలేదు, కాబట్టి రోజుకు ఒక్క డోసే కదా అని రోజులు పొడిగించకూడదు.

ఇప్పుడు మన అలవాటు చూడండి. జెంటామైసిన్ ఆంపుల్ 2 మి.లీ., అందులో 80 మి.గ్రా. కాబట్టి అందరికీ "80 పొద్దున, 80 సాయంత్రం". 60 కిలోల మనిషికి కావాల్సింది 300 మి.గ్రా., అంటే దాదాపు నాలుగు ఆంపుళ్ళు, 100 మి.లీ. సెలైన్‌లో కలిపి అరగంట నుంచి గంటసేపు. ఆయనకు అందుతున్నది 160, అదీ రెండు ముక్కలుగా. బ్యాక్టీరియాని పడగొట్టే ఎత్తుకు మందు లేవదు, కిడ్నీకి మాత్రం విశ్రాంతి ఉండదు. జ్వరం తగ్గలేదని ఇంకో వారం పొడిగిస్తారు. టైలర్ చీటీలో జరిగింది ఇదే. అమికాసిన్ "500 పొద్దున, 500 సాయంత్రం" కూడా అంతే. 66 కిలోల మనిషికి రోజు మొత్తం లెక్క సరిపోతుంది. 45 కిలోల మనిషికి అది కిలోకు 22 మి.గ్రా.

బరువు అడగొద్దు, చూడండి. కేసు షీట్ల మీద అంచనాగా రాసిన 60 కిలోలు నాకు చాలాసార్లు కనిపిస్తాయి. లావుగా ఉన్నవాళ్ళకు అసలు బరువుతో లెక్కకడితే డోసు పెరిగిపోతుంది. ఐదడుగుల ఒక అంగుళం ఎత్తు, 85 కిలోల ఆవిడ అనుకోండి. ఆ ఎత్తుకు ఉండాల్సిన బరువు దాదాపు 48. పైన ఉన్న 37 కిలోల్లో నలభై శాతం మాత్రమే కలపాలి, అంటే దాదాపు 63. జెంటామైసిన్ 425 కాదు, 315 మి.గ్రా.

క్రియాటినిన్ 1.0 అంటే నార్మలేనా?

పోయిన వేసవిలో 74 ఏళ్ళ పెద్దావిడ చలిజ్వరంతో అడ్మిట్ అయింది. సన్నటి మనిషి, 45 కిలోలు. క్రియాటినిన్ 1.0. రిపోర్టులో దాని పక్కన ఏ గుర్తూ లేదు, కొడుకు "కిడ్నీలు నార్మలే కదా డాక్టర్‌గారూ" అన్నాడు. జూనియర్ అమికాసిన్ 500 రెండు పూటలా రాసి పెట్టాడు.

కిడ్నీలు నిమిషానికి ఎంత వడపోస్తున్నాయో కాగితం మీద లెక్క వేశాం. 140లోంచి వయసు 74 తీసేస్తే 66. దాన్ని 45 బరువుతో గుణిస్తే 2970. కింద 72ని క్రియాటినిన్ 1.0తో గుణిస్తే 72. భాగిస్తే 41. ఆడవాళ్ళకు 0.85తో గుణించాలి, 35 వచ్చింది. నిమిషానికి 35 మి.లీ. మాత్రమే వడపోస్తున్న కిడ్నీలు. కండ తక్కువున్న ఒంట్లో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ, అందుకే అంకె అందంగా కనిపిస్తుంది. కిడ్నీలు బాగుంటే రెండు మూడు గంటల్లో సగమయ్యే మందు, అస్సలు పనిచేయని కిడ్నీల్లో సగం కావడానికి 30 గంటలు, ఇంకా ఎక్కువ కూడా పడుతుంది.

బాగా వాడుకలో ఉన్న హార్ట్‌ఫర్డ్ చార్టు ప్రకారం ఇలా లెక్కకట్టిన అంకె 60, ఆపైన ఉంటే 24 గంటలకు ఒకసారి, 40 నుంచి 59 వరకు 36 గంటలకు, 20 నుంచి 39 వరకు 48 గంటలకు. డోసు తగ్గించరు, మధ్య గడువు పెంచుతారు. ఎందుకంటే ఆ ఎత్తు కావాలి. ఆ చార్టు జెంటామైసిన్ కిలోకు 7 మి.గ్రా. మీద తయారైంది, కానీ గడువు పెంచే పద్ధతి అమికాసిన్‌కీ అదే.

పూర్తి కోర్సు అయితే ఆవిడకు ఈ మందు నేను ఎంచుకోను. కల్చర్ వచ్చేదాకా ఒక్క డోసు చాలనుకున్నాం. 675 మి.గ్రా., అంటే 500 వయల్ ఒకటి పూర్తిగా, రెండో దానిలోంచి 0.7 మి.లీ. మందు, సెలైన్‌లో కలిపి 45 నిమిషాలు. మళ్ళీ 48 గంటల తర్వాతే ఆలోచిద్దామని షీట్ మీద పెద్ద అక్షరాలతో రాశాం. రెండో రోజు రాత్రికి చలి ఆగింది. మూడో రోజు పొద్దున కల్చర్ వచ్చింది, ఈఎస్‌బీఎల్ ఈ.కోలై, కోట్రైమోక్సజోల్‌కి ఎస్. మాత్రలకు మార్చాం, పొటాషియం చూసుకుంటూ. రెండో డోసు అవసరమే రాలేదు. కోట్రైమోక్సజోల్ వల్ల కిడ్నీకి హాని లేకుండానే క్రియాటినిన్ కాస్త పెరగొచ్చు, అది చూసి అమికాసిన్ దెబ్బ అని కంగారు పడకూడదు. అలాగని కొట్టిపారేయకుండా మళ్ళీ చేయించి చూడాలి.

రక్తంలో మందు లెవెల్ చూడాలా, క్రియాటినిన్ చాలా?

మందు లెవెల్ చూసే సదుపాయం పెద్ద నగరాల్లో ఉంటుంది, చాలా జిల్లాల్లో ఉండదు. ఉంటే వాడుకోండి. ముఖ్యంగా మూడు రోజులు దాటే కోర్సు, పెద్ద వయసు, మారుతున్న క్రియాటినిన్ ఉంటే. తర్వాతి డోసుకు ముందు తీసిన రక్తంలో జెంటామైసిన్ లీటరుకు 1 మి.గ్రా. లోపు, అమికాసిన్ 5 లోపు ఉండాలి. అంతకు మించితే డోసు ఆపి గడువు పెంచాలి. మందు ఎక్కిస్తున్న చేతి నుంచి కాక రెండో చేతి నుంచి రక్తం తీయాలి, డోసు ఎన్ని గంటలకు మొదలైందో, రక్తం ఎన్ని గంటలకు తీశారో రాయాలి. టైము రాయని లెవెల్ ఎందుకూ పనికిరాదు.

లెవెల్ చూసే వీలు లేకపోతే మూడు రోజులు నా హద్దు. మొదటి డోసుకు ముందు క్రియాటినిన్, పొటాషియం, తర్వాత వీలైతే రోజూ, లేకపోతే రోజు విడిచి రోజు. 48 గంటల్లో 0.3 పెరిగినా, మొదటి అంకెకు ఒకటిన్నర రెట్లు అయినా ఆపేయాలి. "మూత్రం బాగానే వస్తోంది కదా" అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు, ఈ మందు దెబ్బలో మూత్రం తగ్గకుండానే క్రియాటినిన్ పెరుగుతుంది. సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజుల తర్వాత బయటపడుతుంది, త్వరగా ఆపేస్తే ఎక్కువమందిలో కోలుకుంటుంది. చెవి మాత్రం కోలుకోదు.

చెవికి మంచం దగ్గర చేయగలిగిన చిన్న పరీక్ష ఒకటి ఉంది, నేను రోజూ చేస్తాను. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో తేదీ కింద తిథి, నక్షత్రం చిన్న అక్షరాల్లో ఉంటాయి. కళ్ళజోడు పెట్టించి, తల కదపకుండా చదవగలిగిన అక్షరాలు చూస్తాను. తర్వాత రెండు చేతులతో తల పట్టుకుని అటూ ఇటూ కాస్త వేగంగా తిప్పుతూ మళ్ళీ చదవమంటాను. నిన్న చదివిన అక్షరాలు ఈరోజు తల తిప్పితే చెదిరిపోతున్నాయంటే ఆరోజు డోసు వేయను. వినికిడిలో ముందు పోయేవి బాగా సన్నటి, కీచు శబ్దాలు. మాటలు మామూలుగానే వినపడతాయి, కాబట్టి మాట్లాడి చూసి సరిపెట్టుకోకూడదు. చెవుల్లో హోరు మొదలైతే ఆపడం, కోర్సు పొడవుగా సాగితే ఆడియోగ్రామ్ (యంత్రంతో చేసే వినికిడి పరీక్ష).

ఎవరికి వద్దు

మయస్థీనియా గ్రావిస్ (కండరాలు త్వరగా బలహీనపడే జబ్బు) ఉన్నవాళ్ళకు వేయకూడదు, కండరాలు పట్టు తప్పి ఊపిరి ఆగే ప్రమాదం. గర్భిణులకు వేరే మందు ఉన్నంతవరకు ఇది వద్దు, ఈ కుటుంబంలోని స్ట్రెప్టోమైసిన్ వల్ల కడుపులో బిడ్డకు చెవుడు వచ్చిన సందర్భాలున్నాయి. తల్లి నుంచి పిల్లలకు వచ్చే ఒక మైటోకాండ్రియా జన్యు మార్పు ఉన్నవాళ్ళకు సరైన డోసులో వేసినా వినికిడి పోవచ్చు, బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2021లో దీని మీద హెచ్చరిక ఇచ్చింది. "మీ అమ్మ వైపు వాళ్ళలో ఎవరికైనా ఇంజెక్షన్ల తర్వాత వినికిడి పోయిందా?" అని అడగడానికి అర నిమిషం చాలు. ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చిన మనిషైతే క్రియాటినిన్ చూడకుండా మొదటి డోసు కూడా వేయను, అక్కడ చాలామందిలో ఏ లక్షణమూ లేకుండానే కిడ్నీ జబ్బు ముదిరి ఉండొచ్చు.

మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టేది జోడింపు. జ్వరానికి అమికాసిన్, ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్, రెండూ ఒకే పూట. మే నెల ఎండలో, రెండు రోజులుగా వాంతులతో నీరసించిన మనిషికి. డైక్లోఫెనాక్ కిడ్నీకి రక్తం తగ్గిస్తుంది, అమికాసిన్ అదే కిడ్నీలో కూర్చుంటుంది. జ్వరానికి పారాసెటమాల్ చాలు. లాసిక్స్, వాంకోమైసిన్, కోలిస్టిన్, స్కానింగ్‌కి ఎక్కించే కాంట్రాస్ట్ కూడా ఇదే కోవలోకి వస్తాయి. ముందు సెలైన్‌తో ఒంట్లో నీరు సరిచేసి, ఆ తర్వాత డోసు. పెన్సిలిన్ జాతి మందులతో ఒకే సిరంజిలో కలపకూడదు, అమికాసిన్ బలం పోతుంది.

డిశ్చార్జి రోజున నేను చీటీ మీద ఏ మందు, ఎన్ని మి.గ్రా., ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, చివరి క్రియాటినిన్ ఎంత అనేది రాసి, వారం తర్వాత మళ్ళీ ఒకసారి చేయించమంటాను. చెవి హాని ఒక్కోసారి మందు ఆపిన తర్వాత బయటపడుతుంది, అందుకే చీకట్లో తూలినా, చెవిలో హోరు వచ్చినా అదే చీటీ పట్టుకుని రమ్మంటాను. ఆ పెద్దావిడ కొడుకు ఆ చీటీకి ప్లాస్టిక్ కవర్ వేయించి రేషన్ కార్డుతో పాటు పెట్టాడట. ఈ సంవత్సరం ఆవిడకు మళ్ళీ జ్వరం వచ్చి వేరే ఊళ్ళో చూపించినప్పుడు, అక్కడి డాక్టర్ ముందు అదే చదివారని ఫోన్ చేసి చెప్పాడు.